మెదడు లిపిని కనుగొన్న హాన్స్ బెర్గర్

కొందరి జీవితాలు ఒక్క క్షణంలో మలుపు తిరుగుతాయి. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ జీవితం అట్టిదే. మన ప్రాంత విద్యార్థులు ఆయనను గురించి తెలిసికొనుట అవసరమని మేము భావిస్తున్నాము. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లలో పలువురు అసువులు బాశారు. 100 మందికి పైగా గాయపడ్డారు. ఎల్.బి. నగర్ కూడలి దాటే రహదారులపై జరిగే ప్రమాదాలు కూడ మనకు తెలిసినవే. దేహానికి తగిలిన గాయం అందరికీ కనిపిస్తుంది. మనసుకు తగిలిన గాయం మాటేమిటి?

బెర్గర్ 1873 మే 21న కోబర్గ్ సమీపంలోని నాయ్‌సెస్ గ్రామంలో జన్మించాడు. ఆయన మాతామహుడు ఫ్రీడ్రిక్ రూకర్ట్ అరబ్బీ, ఫారసీ, సంస్కృత కావ్యాలను జర్మన్ భాషలోనికి తెచ్చిన మహాకవి. గజల్ రీతిని ఆ భాషకు అలవరచినవారిలో ఆయన ఒకడు.

బెర్గర్ తొలుత ఖగోళశాస్త్రం చదువగోరాడు. సైనికశిక్షణలో ఉండగా ఒకనాడు గుర్రంపై నుండి ఫిరంగి బండి దారిలో పడిపోయి, వెంట్రుకవాసిలో మృత్యువు తప్పించుకున్నాడు. ఆ సాయంకాలమే ఆయన క్షేమమడుగుతూ ఇంటినుండి తంతి వచ్చింది. దూరాన ఉన్న సోదరికి ఏదో కీడు తోచిందట. తన భయం ఆమె మనసుకు చేరిందని నమ్మిన బెర్గర్, మనసుకూ మెదడుకూ గల సంబంధాన్ని వెదకుతూ వైద్యవిద్యలో ప్రవేశించాడు.

జేనా నగరంలోని మానసిక చికిత్సాలయంలో చేరి, 1919లో దానికి అధిపతి అయ్యాడు. 1924 జులై 6న, శస్త్రచికిత్స జరిగిన 17 ఏండ్ల యువకుని తలనుండి మెదడు పుట్టించే సూక్ష్మమైన విద్యుత్తును గీతలుగా నమోదు చేశాడు. ఐదేండ్లు పరీక్షించిన పిదపగాని ప్రకటించలేదు. 1934లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఏడ్రియన్, మాథ్యూస్ ధ్రువపరచిన తరువాతనే లోకం విశ్వసించింది. నేటి ఇ.ఇ.జి. పరీక్షకు మూలం ఇదే.

టపాకాయ పేలినా గుండె దడదడలాడడం, నిద్రలో ఉలికిపడడం, ప్రమాదం జరిగిన చోటికి పోలేకపోవడం నెలల తరబడి వీడకుంటే, దానిని వ్యాధిగానే ఎంచాలని 1980లో అమెరికా మనోవైద్యులు నిర్ణయించి పి.టి.ఎస్.డి. అని పేరిడినారు. అటువంటివారు ఎప్పటికి కోలుకుంటారో మెదడును చూసి చెప్పగలమా? ప్రమాదం జరిగిన తొలి వారాలలో బాధితులకు భీతావహమైన ముఖాల చిత్రాలు చూపి ఎమ్మారై యంత్రంతో పరిశీలించారు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా తీవ్రంగా స్పందించినవారిలో బాధ ఎక్కువకాలం నిలిచినట్లు కొన్ని పరిశోధనలు తెలిపాయి. అన్ని పరిశోధనలూ ఒకే ఫలితమివ్వలేదు. ఇవి సమూహాలను గురించిన సూచనలే. ఒక వ్యక్తిని గురించి నిశ్చయంగా చెప్పే శక్తి వీటికింకా రాలేదు.

ఈ హెచ్చరికకు బెర్గర్ జీవితమే సాక్షి. నాజీల కాలంలో రోగులకు సంతానం కలుగకుండ బలవంతపు శస్త్రచికిత్స విధించే న్యాయస్థానంలో ఆయన సభ్యుడుగా కూర్చున్నాడు. రోగ నిర్ణయం అక్కడ శిక్షగా మారింది. పరుల మెదళ్ల గీతలు చదివిన ఆయన మనోవ్యాకులతను మాన్పగలవారు లేకపోయారు. 1941 జూన్ 1న ఆయన తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు.

దిల్ అంటే హృదయం, సుఖ్ అంటే సుఖం. ఆ పేరుగల చోట భయంతో బ్రతికేవారిని పిరికివారని ఎగతాళి చేయరాదు. వైద్యుని వద్దకు తోడుగా వెళ్లాలి. యంత్రం చూపే గీత ఎవరికి ముందుగా చేయూత కావాలో తెలుపవలెను గాని, ఎవరికీ నుదుటిగీత కారాదని మేము విద్యార్థులకు మనవి చేస్తున్నాము.