కాకినాడ చేయూత, హార్వర్డు చదువు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



సావనీరుకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. విదేశాలలో పై చదువులకు దరఖాస్తు పెట్టుకునే మన పిల్లలకు పనికివచ్చేదిగా ఉండాలని కూడా అన్నారు. మేము చాలా పేర్లు తలచుకున్నాము. చివరకు మన కాకినాడతో ముడిపడిన ఒక పేరు దగ్గర ఆగిపోయాము. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మన మతం వారు కారు, మన మొహల్లా వారు కారు. అయితేనేం, ఆయన చేతి మీదుగా వచ్చిన మందు మింగని ఇల్లు మన గోదావరి జిల్లాల్లో అరుదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి పేరు జగన్నాథం, తల్లి పేరు వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఆయనకు పుస్తకాల మీద కంటే సంపాదన మీదనే ధ్యాస ఉండేది. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు విడిచి పారిపోయారు. తల్లి ఊరుకోలేదు. నిడదవోలు దగ్గర పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. ఆ తల్లి ఆ రోజు పోనీలే అనుకుని ఉంటే ఈ వ్యాసమే లేదు.

బడిలో కూర్చున్నంత మాత్రాన చదువు వస్తుందా? మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలులో చదివి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మిషన్‌లో చేరిపోవాలని కూడా ఆయనకు మనసు లాగింది గాని తల్లి ఒప్పుకోలేదు. డాక్టరీ చదివినా జనసేవే గదా అని వైద్యం వైపు వచ్చారు.

మెడికల్ కాలేజీలో మరో చిక్కు వచ్చిపడింది. అవి గాంధీజీ పిలుపు మీద విదేశీ బట్టలు వదిలేసే రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో సైతం ఖద్దరు గౌను వేసుకున్నారు. ఇంగ్లీషు సర్జరీ ప్రొఫెసరుకు అది కిట్టలేదు. ఫలితం ఏమైందంటే, తోటివారికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ వస్తే ఈయనకు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ కాగితం పట్టుకుని మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అక్కడా లాభం లేకపోయింది. చివరకు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించే పని దొరికింది.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు ఒకటుంది. మనవాళ్ళు గ్రహణి అంటారు. తిన్న తిండి వంటికి పట్టదు, విరేచనాలు, నోరు పూత, రక్తహీనత, మనిషి రోజురోజుకూ కృశించిపోతాడు. ఆ జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో ఆయన అన్న, తమ్ముడు ఇద్దరూ చనిపోయారు. తర్వాత ఆయనకే ఆ జబ్బు పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తానెందుకు బతికాడు, అన్నదమ్ములెందుకు పోయారు అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. జవాబు చెప్పే పరిశోధన ఇక్కడ లేదు, అమెరికా పోవాలి అనుకున్నారు.

హార్వర్డులో ఉష్ణదేశాల జబ్బుల కోసం ప్రత్యేకంగా ఒక విద్యాలయం ఉండేది. సుబ్బారావు గారు అక్కడికి దరఖాస్తు పెట్టారు. రాక్‌ఫెల్లర్ సంస్థ పని మీద మద్రాసు వచ్చిన ఒక అమెరికా డాక్టరు ప్రోత్సాహం కూడా తోడైంది. సీటు దొరికింది. కాని దారి ఖర్చు ఎవరిస్తారు? సముద్రం మీద సుదీర్ఘ ప్రయాణం, తెలియని దేశంలో బస, ఫీజులు. చేతిలో చూస్తే తక్కువ రకం డిగ్రీ, వెనుక మెట్రిక్ తప్పిన చరిత్ర. ఈ రోజుల్లో మన పిల్లలు విదేశీ స్కాలర్‌షిప్పు ఫారం నింపేటప్పుడు ఎన్ని గడుల దగ్గర కలం ఆగిపోతుందో, ఆయనకూ అన్ని చోట్లా ఆగిపోయే స్థితి.

ఇక్కడే మన కాకినాడ వస్తుంది.

జగన్నాథపురం వంతెన దాటినవారు ఎం.ఎస్.ఎన్. చారిటీస్ పేరు చూడకుండా పోలేరు. ఆ మల్లాడి సత్యలింగ నాయకర్ గారు మన కోరంగి తీరంలో పేదింట పుట్టినవారు. పొట్ట చేత పట్టుకుని రంగం పోయి, కూలి పనితో మొదలుపెట్టి, ఓడలకు సరుకు ఎగుమతి దిగుమతి చేయించే పెద్ద వ్యాపారస్థుడై ఆస్తి గడించారు. ఆ ఆస్తిని వీలునామా ద్వారా ధర్మానికి, విద్యకు వదిలి వెళ్ళారు. తాను చదువుకోని మనిషి పరాయి పిల్లల చదువుకు ఆస్తి వ్రాసిపెట్టాడంటే ఆలోచించవలసిన మాట. సుబ్బారావు గారు ఆ ధర్మసంస్థ తలుపు తట్టారు. సహాయం చేస్తామని సంస్థ వారు మాట ఇచ్చారు. పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా డబ్బు సమకూర్చారు. అలా 1923లో ఆయన బోస్టన్ చేరుకున్నారు.

చేరగానే కష్టాలు తీరలేదు. ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా పని చేయనివ్వరు. అందుచేత పగలు చదువుకుంటూ, రాత్రిళ్ళు బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. ఇంటి దగ్గర డాక్టరు బాబు, అక్కడ రాత్రి పనివాడు. నామోషీ అనుకోలేదు. 1924లో ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా తీసుకుని, అదే హార్వర్డులో జీవరసాయన శాఖలో చేరారు.

1925లో ప్రొఫెసరు ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దానిని వాడారు. కండరం పని చేయడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. వీరిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని గురించి లోకానికి తెలియజేశారు. అదే ఏట జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. ఇవాళ మన పిల్లల సైన్సు పుస్తకంలో ఏ.టి.పి. పాఠం ఉంటుంది గాని సుబ్బారావు గారి పేరు చాలామందికి తెలియదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీకి వెళ్ళి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

అక్కడ ఎనిమిదేళ్ళలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు మందుగా పని చేసింది. అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు జవాబు పాతికేళ్ళకు దొరికిందన్నమాట. మన ఆడపిల్లలకు కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఈ ఫోలిక్ ఆసిడే. దాని రూపు కొంచెం మార్చి చేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలకు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించారు. పదహారు మందిలో పదిమందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ జబ్బుకు మందన్నదే లేదు. డాక్టర్ డగ్గర్ చేత అరియోమైసిన్ పరిశోధన చేయించినది కూడా సుబ్బారావు గారే.

ఇక మనకు బాగా తెలిసినది బోదకాలు. కాలువలు, మురుగు, దోమలు ఉన్న మన డెల్టాలో బోదకాలు చూడని వీధి ఉండేది కాదు. ఈ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి గనుక ఆరోగ్య శాఖ వారు రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని రక్తం తీయడానికి వచ్చేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో అమెరికాలో మందు కోసం వెతుకులాట మొదలైంది. సుబ్బారావు గారి బృందం 1947లో హెట్రజాన్ అనే మందు ఇచ్చింది. దానినే డి.ఇ.సి. మాత్ర అంటారు. 2004 నుంచి ప్రభుత్వం వారు దేశంలో బోదకాలు ఉన్న జిల్లాలన్నింటా ఇంటింటికీ వచ్చి మింగించినవి ఈ మాత్రలే. మింగినట్టు నటించి కొంగున దాచుకున్నవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ మాత్ర వెనుక కాకినాడ ధర్మం ఉందని తెలిస్తే దాచి ఉండేవారు కారేమో.

ఇంత గొప్ప జీవితానికి ఒక విషాదం కూడా ఉంది. మూడేళ్ళలో వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన గుండెపోటుతో అక్కడే కన్నుమూశారు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో శతజయంతికి మన దేశం తపాలా బిళ్ళ వేసింది. విదేశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ భాగం కూడా చదవాలి. పంపేటప్పుడు ఖర్చు ఒక్కటే లెక్క కట్టడం చాలదు. ఇంట్లో మిగిలిపోయేవారి సంగతి కూడా ఆలోచించుకోవాలి.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా దగ్గర చదివిన ఒక కుర్రవాడు విదేశీ స్కాలర్‌షిప్పు ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సిఫారసు ఉత్తరం కావాలన్నాడు. పదో తరగతి ఒకసారి తప్పినవాడు. ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లీషు కాలేజీకి పోయి, ఇంటర్‌లో తడబడి, డిగ్రీలో నిలదొక్కుకున్నాడు. మేము ఫారం తిరగేసి, పదో తరగతి ఏడాది చూసి, బేటా, నీకు ఇది రాదు, కాలం వృథా చేసుకోకు అని పంపించేశాము. ఉత్తరం వ్రాయలేదు. ఆ కుర్రవాడు మళ్ళీ ఎక్కడా దరఖాస్తు పెట్టలేదని తర్వాత తెలిసింది. ఈ వ్యాసం కోసం సుబ్బారావు గారి జీవితం చదువుతూ, రెండుసార్లు మెట్రిక్ తప్పిన చోటికి వచ్చేసరికి మాకు ఆ కుర్రవాడి ముఖం జ్ఞాపకం వచ్చింది. ఆనాడు కాకినాడ ధర్మసంస్థ కూర్చున్న చోట మేము కూర్చుని ఉంటే, బోదకాలు మందు మాట ఏమైపోయేదో!

అందుచేత సొసైటీ వారికి మా మనవి. మైనారిటీ పిల్లల విదేశీ చదువు అప్పుల మీద వడ్డీ భారం తగ్గించే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022-23లో నిలిపివేసింది. ఇక మన పిల్లలు మన వైపే చూస్తారు. విద్యా నిధి నుంచి సహాయం అడిగినవారి మార్కుల జాబితా తప్పక చూడండి. అయితే తప్పిన ఏడాది దగ్గర ఆగిపోకండి, ఆ తర్వాత ఏం చేశాడో కూడా చూడండి. ఫారం నింపడానికి, ఉత్తరాలు వ్రాయడానికి మా వంటి పంతుళ్ళను పిలవండి. ఈసారి మేము కాదనము.

మనిషి పోయిన తర్వాత కూడా పుణ్యం ఆగకుండా అందుతూ ఉండే దానాన్ని మనం సదఖా జారియా అంటాము. బావి తవ్వించడం, మసీదు కట్టించడం మనకు తెలుసు. పరాయి పిల్లవాడి చదువుకు పెట్టిన రూపాయి కూడా అటువంటిదే. కోరంగి కూలి బిడ్డ రంగంలో చెమటోడ్చి సంపాదించిన డబ్బు హార్వర్డు దాకా అండగా నిలిచి, మాత్రగా మారి, మళ్ళీ మన గుమ్మంలోకే వచ్చింది. ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

అటువంటి చేయి అందించే తౌఫీఖ్‌ను అల్లాహ్ మన సొసైటీకి, మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.