యల్లాప్రగడ సుబ్బారావుగారి జాడ: ఇంటి కాగితాలలో కొంత, దేశ చరిత్రలో కొంత

మా తాతగారు ఎప్పుడు పుట్టారు, ఏ ఊళ్ళో చదివారు, ఎందుకు ఊరు విడిచారు అని పిల్లలు అడిగినప్పుడు మనలో చాలామందిమి తడుముకొంటాము. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలకు తేదీలు ఉండవు. ఫలానా తుఫాను వచ్చిన ఏడనీ, జయ నామ సంవత్సరమనీ చెబుతారు. జయ నామ సంవత్సరం అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది. 1894లో వచ్చింది, 1954లో వచ్చింది, 2014లో మళ్ళీ వచ్చింది. ఆ మూడింటిలో ఏదో తేల్చాలంటే ఇంటి మాట పక్కన దేశ చరిత్రను పెట్టి చూడక తప్పదు.

మన ఫ్రిస్కో ఊరికి సైతం ఇలాంటి వంశచరిత్ర ఒకటి ఉన్నది. సెయింట్ లూయిస్ – శాన్ ఫ్రాన్సిస్కో రైలు కంపెనీని జనం ముద్దుగా పిలుచుకొన్న పేరే 1904లో ఈ ఊరి పేరయింది. ఆవిరి ఇంజన్లు నీళ్ళు పట్టుకోవడానికి ఆగిన చోట వెలసిన ఊరు ఇది. 2000 జనాభా లెక్కలలో ముప్పైమూడు వేల చిల్లర ఉన్న జనం 2020 నాటికి రెండు లక్షలు దాటారు. ఆ పెరిగిన వారిలో మనమూ ఉన్నాము గనుక, మనకు ముందు ఈ దేశానికి వచ్చిన ఒక తెలుగువాని జీవితాన్ని ఇంటి కాగితాల వెంటా, చట్టాల వెంటా పట్టి చూద్దామని మేము సంకల్పించాము. ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. జీవితం తెలిసినవారు మాత్రం అంతమంది లేరు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తెలుగు లెక్కలో అది జయ నామ సంవత్సరమే. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఆనాడు భీమవరం మద్రాసు రాజధానిలో భాగం. పశ్చిమ గోదావరి జిల్లా అనేది 1925లో గాని ఏర్పడలేదు. మన తాతముత్తాతల కాగితాల కోసం వెదికేవారు ఈ సంగతి మరువరాదు. నేటి జిల్లా పేరు పెట్టి వెదికితే దొరకని పాత ప్రభుత్వ పత్రాలు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో పాత జిల్లా పేరు కింద దొరకవచ్చును.

సుబ్బారావుగారి బాల్యం సాఫీగా సాగలేదు. తండ్రికి జబ్బు చేసి ఉద్యోగం పోవడంతో సంసారం తల్లి మీద పడింది. పదమూడేళ్ళ వయస్సులో ఆయన కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోతే వెనక్కు పట్టి తెచ్చారు. రాజమండ్రిలో చదువు సాగక, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ మూడవసారికి గట్టెక్కారు. తరువాతి కాలంలో హార్వర్డులో డాక్టరేటు పొందిన మనిషి మెట్రిక్ రెండుసార్లు తప్పాడంటే మన ఇళ్ళలో తల్లిదండ్రులకు కొంచెం ఊరట, పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ ఊరట కలుగవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ అయిన పిమ్మట ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ చదువుకు సాయం చేశారు. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో 1919 మే 10న ఆయనకు వివాహమైంది. ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా మా కోరిక.

ఇక్కడ దేశ చరిత్ర ఇంటి చరిత్రలోకి నడచి వచ్చింది. గాంధీగారు విదేశీ వస్త్రాలు విడువమన్న రోజులవి. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. ఆచార్యుడికి కోపం వచ్చింది. వ్రాత పరీక్షలు బాగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు; అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఇంట్లో ఆ సర్టిఫికెట్టు ఒక్కటే మిగిలి ఉంటే మనుమలు ఏమనుకొంటారు? మా వాడు చదువులో వెనుకబడ్డాడనే అనుకొంటారు. ఆ కాగితం పక్కన ఉద్యమాన్ని పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించడానికి కుదిరారు. ఆయుర్వేదం మీద ఆయనకు మక్కువ కలిగింది అక్కడే. ఆ సంవత్సరాలలోనే ఆ ఇంట పిడుగు పడింది. సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన వైద్యులు సంగ్రహణి అనే దానికి దగ్గరిది. తిన్నది ఒంటపట్టక, నోరు పూసి, రక్తం క్షీణించి మనిషి కృశించిపోతాడు. ఆనాడు దానికి మందు లేదు.

అమెరికా ప్రయాణానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానన్నది. మిగిలినది మామగారు కూడబెట్టారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావుగారు బోస్టనులో అడుగుపెట్టారు. ఇంటి దగ్గర భార్య గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు గాని విద్యార్థి వేతనం లేదు. పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల పరిచర్య చేశారు. స్వదేశంలో డాక్టరు, ఇక్కడ రాత్రి పనివాడు. ఈ దేశంలో మొదటి రెండేళ్ళు ఏ పని చేశామో ఊళ్ళో చెప్పుకోని వారు మనలో ఎందరో ఉన్నారు. వారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

తరువాత సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేశారు. 1925లో ఇద్దరూ రక్తంలోనూ, కండరాలలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులు దానిని ఫిస్క్ – సుబ్బారావు పద్ధతి అనే చదువుతారు. ఆ కొలత చేతికి రావడంతో 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. జర్మనీలో లోమన్ అదే సంవత్సరం విడిగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. మనిషి చెయ్యి ఎత్తినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యేది ఈ ఎ.టి.పి. యే. కండరాల శక్తిని గురించి 1922లో నోబెల్ బహుమతి పొందిన అభిప్రాయాన్ని ఈ పరిశోధనలు తిరగవ్రాయించాయి. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లె మందుల పరిశోధనశాలకు వెళ్ళిపోయారు.

మేము ఇంతవరకు వ్రాసినది చాలా పుస్తకాలలో ఉన్నదే. ముఖ్యంగా ఎస్.పి.కె. గుప్తగారు ఆయన జీవితాన్ని శ్రమించి వెలికితీసి 1987లో ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించారు. మమ్మల్ని వేధించిన ప్రశ్న వేరు. చదువుకని వెళ్ళిన మనిషి ఇరవై ఆరేళ్ళపాటు ఇంటికి ఎందుకు రాలేదు?

ఊళ్ళో ఏమంటారో మనకు తెలుసు. అమెరికా వెళ్ళి పెళ్ళాన్ని మరిచాడంటారు. ఆ మాటను ఒక పక్క ఉంచి, చట్టాలను ఒక పక్క పేర్చి చూశాము. 1917 చట్టం భారతీయ కూలీలకు ఈ దేశపు తలుపులు మూసింది. విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. సుబ్బారావుగారు ఆ సందులోనుంచే లోపలికి వచ్చారు. ఆయన ఓడ దిగిన నాలుగు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, భగత్‌సింగ్ థింద్ దావాలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. థింద్ ఈ దేశపు సైన్యంలో పనిచేసినవాడే. అదివరకు పౌరసత్వం పొందిన కొందరు భారతీయులనుంచి దానిని తిరిగి లాక్కున్నారు కూడా. 1924 చట్టం పౌరసత్వానికి అనర్హులైనవారు స్థిరనివాసానికి రాకూడదన్నది. కనుక సుబ్బారావుగారు ఒకసారి ఇంటికి వెళ్ళి ఉంటే, మళ్ళీ ఉద్యోగానికి ఇక్కడికి రాగలిగేవారన్న నమ్మకం లేదు. భార్యను పిలిపించుకొని కాపురం పెట్టే మార్గమూ ఇరుకే. 1939 నుంచి 1945 దాకా యుద్ధం. 1940 చట్టం ప్రకారం పరదేశీయులందరూ వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. హార్వర్డు డాక్టరేటు ఉన్నా లేకపోయినా ఒకటే.

వీసా ముద్ర కోసం స్వదేశానికి వెళ్ళడానికి జంకి, అక్కాచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఫోనులో చూసినవారికి ఈ భయం ఎలాంటిదో తెలుసు. అందుకే ఊరి మాటను మేము ఒప్పుకోలేకపోయాము.

అయినా చట్టం మీదనే భారమంతా వేయడానికీ మాకు మనసు ఒప్పలేదు. 1946 జూలై 2న లూస్ – సెల్లర్ చట్టం వచ్చింది. భారతీయులకు ఏటా నూరుగురికి ప్రవేశం, ఇక్కడ ఉన్నవారికి పౌరసత్వపు అర్హత కల్పించింది. యుద్ధమూ ముగిసింది. ఆ తరువాత ఇంకా రెండేళ్ళు ఆయన జీవించారు. పౌరసత్వం తీసికోలేదు, ఇంటికీ వెళ్ళలేదు. ఆ రెండేళ్ళలో ఆయన ఏం చేస్తున్నారో చూస్తే కొంత అర్థమవుతుంది. ఆ అర్థం శేషగిరిగారికి ఎంతవరకు సమ్మతమయ్యేదో చెప్పే అధికారం మాకు లేదు.

లెడర్లెలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని గమనించింది. ఆ సారంలో దాగిన వస్తువు ఇదే. ఫోలిక్ ఆమ్లం స్ప్రూ జబ్బుకు పనిచేసింది. ఇద్దరు సోదరులను ఎనిమిది రోజులలో పొట్టన పెట్టుకొన్న జబ్బు అది. ఈ సంగతిని ప్రయోగశాల చరిత్రలో వెదికితే ఒక రసాయనమే కనిపిస్తుంది. ఇంటి చరిత్రతో కలిపి చదివినప్పుడు భీమవరం పిల్లవాడు తన ఇంటి బాకీ తీర్చుకోవడం కనిపిస్తుంది.

1947లో హెట్రజాన్ వచ్చింది. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములను చంపే మందు అది. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎరుగని ఊరు ఉండేది కాదు గదా! 2004 నుంచి భారత ప్రభుత్వం ఊరూరా పంచిన మాత్ర అదే. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను ఆయన బృందం తయారుచేసి ఇవ్వగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదానిని రక్తపు క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కు తగ్గడం చూశాడు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్న మందు. డెబ్బై దాటి విశ్రాంతి తీసికోవలసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి లెడర్లె పనిలో పెట్టుకొన్నది. ఆయన మట్టిలోనుంచి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది, 1948లోనే లోకానికి తెలిసింది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే పెర్ల్ రివర్‌లో సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు. వయస్సు 53. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండడానికి కొద్ది రోజులే ఉన్నాయి.

ఆయన జాడ ఈ దేశంలో వెదకదలచినవారికి ఒక మాట. ఇంటిపేరు ముందు వ్రాసే మన అలవాటు ఇక్కడి గుమాస్తాలకు కొరుకుడు పడలేదు. ఆయన ఇంగ్లీషులో సుబ్బారావు అన్నది ఒకే మాటగా, చివరి అక్షరాలు మనం వ్రాసే తీరుకు భిన్నంగా వ్రాసేవారు. మీ పెద్దల పేర్లను సైతం నాలుగైదు రకాల అక్షరక్రమంతో వెదకండి. జనాభా లెక్కల పత్రాలు 72 ఏళ్ళు గడిస్తేగాని బయటపెట్టరు. 1940 నాటివి 2012లో వచ్చాయి. 1940లలో పరదేశీయులు నింపిన నమోదు పత్రాల నకళ్ళను వంశచరిత్ర వెదికేవారికి ఇమిగ్రేషన్ శాఖ రుసుము తీసికొని ఇస్తుంది. ఓడల జాబితాలున్నాయి, విశ్వవిద్యాలయాల పట్టికలున్నాయి. ఇంట్లో ఉన్న శుభలేఖ, స్కూలు సర్టిఫికెట్టు, తద్దినం తిథి వీటితో జతపడాలి. తిథి తెలిసి సంవత్సరం పేరు తెలిస్తే పాత పంచాంగం తేదీని చెబుతుంది.

సుబ్బారావుగారి బిడ్డ దక్కలేదు గనుక ఆయనకు మనుమలు లేరు. తద్దినం పెట్టవలసిన వంశం లేని మనిషి గనుకనే ఆయనను ఎవరి పటంలోనైనా వ్రాసుకోవచ్చునని మా ఇంట ఒకరు అన్నారు. 1998 నుంచి ఈ దేశంలో పోషకాలు కలిపిన గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి గనుక, మన ఫ్రిస్కో వంటింట్లో రొట్టె కాలినప్పుడల్లా ఆయన అక్కడ ఉన్నట్టేనని కూడా అన్నారు. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు.

శేషగిరిగారి పేరు వీటిలో ఎక్కడా లేదు. అందుచేత ఆమె లెక్క కూడా ఇక్కడ వ్రాసి ఉంచుతున్నాము. 1919 మే నెలలో పెళ్ళి. 1922లో భర్త ప్రయాణం. పెళ్ళికీ ప్రయాణానికీ మధ్య మూడు సంవత్సరాల కొద్ది నెలలు. ప్రయాణానికీ మరణవార్తకూ మధ్య దాదాపు ఇరవై ఆరు సంవత్సరాలు.