అస్సాం ఊగితే ఇటలీలో గీతలు.. భూమి లోపలి గుట్టు విప్పిన ఓల్డ్‌హామ్

1897 జూన్ 12. సాయంత్రం 5 దాటింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు క్షణాల్లో నేలమట్టమయ్యాయి. సుమారు 1,500 మంది చనిపోయారు. అసలేం జరిగిందో తేల్చే పని రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ మీద పడింది.

ఆయనకు ఈ పని ఒకరకంగా వారసత్వమే. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ భారత భూగర్భ సర్వేకు తొలి అధిపతి. 1869 నాటి కచార్ భూకంపంపై ఆయన నివేదిక అచ్చు కాకుండానే 1878లో కన్నుమూశారు. 1858లో డబ్లిన్‌లో పుట్టిన రిచర్డ్, 1879లో అదే సర్వేలో చేరారు. తండ్రి వదిలివెళ్లిన కాగితాలు సరిచేసి 1882లో అచ్చు వేయించారు.

ఈసారి దెబ్బ మాత్రం ఊహకు అందనిది. చెద్రాంగ్ నది వెంట నేల చీలి, ఒకవైపు 35 అడుగుల దాకా పైకి లేచింది. నది దారిలో కొత్త జలపాతాలు, మడుగులు పుట్టాయి. కొన్ని బండరాళ్లయితే, ఉన్న గుంట అంచు కూడా చెదరకుండా గాల్లోకి ఎగిరిపడ్డాయి. మరి కొండలు కూడా కదిలాయా? అది తేల్చేందుకు పాత సర్వే పాయింట్లను మళ్లీ కొలిచారు.

అప్పట్లో ఒక ఊరి గడియారానికి, ఇంకో ఊరి గడియారానికి పొంతన ఉండేది కాదు. అయినా 7,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇటలీ పరికరాల్లో ఆ కంపం గీతలుగా పడింది. ఆ గీతల్లో ఓల్డ్‌హామ్‌కు మూడు వేర్వేరు అలలు కనిపించాయి. ముందు వేగంగా వచ్చే పీ తరంగాలు, వాటి వెనకే ఎస్ తరంగాలు, చివర్లో నేల పైపొర వెంట నెమ్మదిగా పాకుతూ వచ్చేవి. 1899 నివేదికలో ఇదంతా రాశారు.

1903లో రిటైరైనా ఆయన ఆ గీతలను వదల్లేదు. భూగోళం అవతలి వైపుకు చేరే తరంగాలు ఆలస్యమవుతున్నాయని గమనించి, భూమి నడిమధ్యలో వేరే పదార్థంతో ఒక కోర్ ఉందని 1906లో చూపించారు. 1936లో వేల్స్‌లో మరణించారు.

ఇప్పుడు పీ, ఎస్ తరంగాల మధ్య సమయం తేడాను బట్టే భూకంప కేంద్రం ఎంత దూరమో లెక్కగడుతున్నారు. తరంగాల వేగం మారితే.. లోపలి రాళ్లలో పగుళ్లు, నీరు, ఒత్తిడి ఏమైనా మారాయా అని ఆరా తీస్తారు. మహారాష్ట్రలోని కోయనా డ్యామ్ చుట్టూ హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు నిఘా పెట్టింది ఈ తరంగాలతోనే.

ఇంతకీ ఆ సర్వే కొలతలు ఏమయ్యాయంటే.. 2001లో ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని మళ్లీ బయటకు తీసి లెక్కలు వేశారు. ఆ ఒక్క భూకంపంతో షిల్లాంగ్ పీఠభూమి ఉత్తర అంచు 10 మీటర్లకు పైగా లేచిందని తేల్చారు. భూమి కింద దాగి, అందుకు కారణమైన ఆ పగులుకు ఓల్డ్‌హామ్ ఫాల్ట్ అని పేరు పెట్టారు.