నేలమాళిగల తలుపులు తెరిపించిన డొరొథియా డిక్స్

1841వ సంవత్సరము మార్చి 28వ తేది, ఆదివారము. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున తూర్పు కేంబ్రిడ్జి జైలులోని స్త్రీలకు బైబిలు పాఠము చెప్పుటకై ఒక బోధకురాలు వెళ్లెను. పాఠము ముగిసిన పిదప ఆమె జైలు నంతయు తిరిగి చూచెను. ఒక గదిలో మతిస్థిమితము లేని స్త్రీలు కొందరు నిప్పు లేక చలికి వణకుచుండిరి. వారు చేసిన నేరమేమియు లేదు. వారి గదిలో కుంపటి ఏల లేదని ఆమె అడుగగా, పిచ్చివారికి చలి తెలియదని బదులు వచ్చెను. ఆ మాట ఒక్క జైలు ఉద్యోగి కల్పించినది కాదు. ఆ కాలమున చదువుకొన్నవారు సైతము అట్లే నమ్ముచుండిరి. ఆమె ఊరకుండక న్యాయస్థానము నాశ్రయించి ఆ గదిలో నిప్పు పెట్టించెను.

ఆమెయే డొరొథియా డిక్స్. అప్పటికామెకు 39 ఏండ్లు నిండుటకు ఒక్క వారము మిగిలియుండెను.

డొరొథియా 1802 ఏప్రిల్ 4వ తేదిన హాంప్డెన్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి ఊరూర తిరుగు మతబోధకుడు, నిలుకడ లేనివాడు. తల్లి తరచు రోగిష్ఠి. పండ్రెండవ యేట ఆ బాలిక ఇల్లు విడచి బోస్టనులోని నాయనమ్మ చెంతకు చేరెను. పదునాలుగేండ్లకే బడి పెట్టి, పెద్దదానివలె కనబడుటకై లంగా పొడవు పెంచుకొని పిల్లలకు పాఠములు చెప్పెను. 1824లో ఆమె బాలల కొరకు రచించిన ప్రశ్నోత్తర రూపమైన పుస్తకము పలు ముద్రణములు పొందెను. అతిశ్రమచే ఆరోగ్యము చెడగా 1836లో ఇంగ్లండు వెళ్లి లివర్‌పూలులో రాత్‌బోన్ కుటుంబమువారి యింట విశ్రమించెను. యార్కు నగరమున క్వేకరులు 1796లో తెరచిన శరణాలయమున రోగులను గొలుసులతో కట్టక, పని యిచ్చి, మన్ననతో చూచుచుండిరన్న సంగతి అచ్చటనే ఆమె చెవిని బడెను. నాయనమ్మ మరణానంతరము వచ్చిన ఆస్తివలన జీవనమునకు కొదువ లేదు. కావున తూర్పు కేంబ్రిడ్జిలో చూచినదానిని మరచిపోయి సుఖముగా నుండుటకు ఆమెకు ఏ యడ్డంకియు లేకుండెను.

ఆమె మరవలేదు. చేత నొక పుస్తకము పట్టుకొని రాష్ట్రములోని జైళ్లను, బీదల ఆశ్రయగృహములను ఒక్కొక్కటిగా చూడ నారంభించెను. దిక్కులేని వృద్ధులు, మతి చెడినవారు ఆయా గ్రామముల భారమున నుండెడివారు. అనేక గ్రామములు వారిని వేలము వేయుచుండెను! ఎవరు తక్కువ సొమ్మునకు పోషింతునని పాడిన వారికే ఆ దీనుల నప్పగించుట ఆచారము. తక్కువకు పాడినవాడు తన లాభమును తిండిలో, బట్టలో, వంటచెరకులోగాక మరెక్కడ మిగుల్చుకొనును? కొందరిని కొట్లలో, కొందరిని నేలమాళిగలలో, కొందరిని పశువుల దొడ్లలో బంధించియుండగా ఆమె చూచెను. ఊరి పేరు, అచటి స్థితి, గొలుసుల సంగతి అన్నియు వ్రాసికొనెను. దయ చూపుడని మాత్రమే వేడుకొనక, ఏ యూరిలో ఏమి చూచితినో విస్పష్టముగా చెప్పుటయే ఆమె పద్ధతి.

1843 జనవరిలో ఆ విజ్ఞాపన శాసనసభకు చేరెను. స్త్రీలకు ఓటు లేని దినములవి; అందుచే శాసనసభ్యుడైన సామ్యుయెల్ హోవ్ దానిని ప్రవేశపెట్టెను. పేరెత్తబడిన గ్రామముల పర్యవేక్షకులు కొందరు అంతయు అబద్ధమని మండిపడిరి. ఐనను సభ వూస్టరు చికిత్సాలయమును విస్తరింప నిశ్చయించెను. పిదప ఆమె ఇతర రాష్ట్రములకు మరలెను. న్యూజెర్సీ సభ్యులను సాయంకాలములందు తన బసకు రప్పించుకొని, ఓపికతో నచ్చజెప్పెను. 1848లో ట్రెంటను చికిత్సాలయము తెరవబడెను.

చికిత్సాలయములు లేచిన కొలది, అవి ఎట్లుండవలెనను ప్రశ్నయు లేచెను. 1851లో ఆ సంస్థల వైద్యాధికారుల సంఘము నిర్మాణ నియమములు కొన్ని చేసెను: ఊరికి దూరముగా, కనీసము 50 ఎకరముల నేల, అగ్నిభయము లేని కట్టడము, ఒక్కొక్క చోట 250 మందికి మించరాదు.

వీనికి ధనము కావలెను గదా. సమాఖ్య ప్రభుత్వ భూములలో 1,22,25,000 ఎకరములను దీనుల నిమిత్తము కేటాయించు బిల్లునకై ఆమె ఏండ్ల తరబడి పోరాడెను. 1854లో ఉభయసభలు దాని నంగీకరించెను. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్సు త్రోసిపుచ్చెను. దీనపోషణము రాష్ట్రముల విధి యని ఆయన వాదము. మనసు విరిగి ఆమె ఐరోపాకు వెళ్లెను. అచటను విశ్రమింపక, స్కాట్లండులో లాభమునకై నడుపబడుచున్న గృహములను చూచి, లండనునకు పోయి మంత్రిని కలిసి రాజకీయ విచారణ సంఘమును వేయించెను. 1857 నాటి చట్టమువలన స్కాట్లండునకు తనిఖీ మండలి యేర్పడెను.

అంతర్యుద్ధ కాలమున సైనిక దాదుల పర్యవేక్షకురాలిగా ఆమె కఠినమైన నియమములు పెట్టి పలువురితో వైరము తెచ్చుకొనెను. బానిసత్వమును గూర్చి ఆమె నోరెత్తకుండుట మచ్చ యనక తప్పదు. అంత కరుణగల కన్నులు ఆ గొలుసులకడ ఏల మూతపడెనో!

1866లో అదే వైద్యసంఘము 250 అను సంఖ్యను 600 చేసెను. జనము పెరిగిరి, ధనము పెరుగలేదు. తాను కట్టించిన భవనములు క్రిక్కిరియుట ఆమె వార్ధక్యమున కన్నులార చూచెను. 1881లో ట్రెంటను చికిత్సాలయమువారు తమ భవనముననే ఆమెకు బస కల్పించిరి. ఆరేండ్లు అచట నివసించి, 1887 జూలై 17న ఆమె కన్నుమూసెను.

ఇరువదియేండ్ల తరువాత, 1907లో, హెన్రీ కాటన్ అను వైద్యుడు ఆ ట్రెంటనుకే అధిపతి యయ్యెను. చిగుళ్లలోని విషమే పిచ్చికి మూలమని నమ్మి ఆతడు రోగుల పండ్లూడబెరికించెను, ప్రేవులు కోయించెను, పలువురు మరణించిరి. 1924లో ఫిల్లిస్ గ్రీనేకర్ అను వైద్యురాలు విచారణకు వచ్చి, పట్టీలు పరిశీలించి, ఆ చికిత్సలో ఫలము లేదని వ్రాసెను. ఆమెను పంపిన పెద్దలు ఆ నివేదికను బయటికి రానీయలేదు.