కవులను దిద్దిన ఒజ్జ: చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

కవిత్వము పుట్టుకతో వచ్చునదా, అభ్యాసముచే అబ్బునదా అను వివాదము మనకు క్రొత్త కాదు. మన ఆలంకారికులు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అను మూడింటిని కావ్యహేతువులుగా చెప్పిరి. మొదటిది దైవదత్తము. రెండవది గ్రంథములవలనను లోకమువలనను కలుగును. మూడవది గురుసన్నిధిని జరుగవలసినది. ఇరువదవ శతాబ్దపు ఆంధ్రదేశమున ఆ మూడవదానికి పెద్దపీట వేసిన మహనీయులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు అగ్రగణ్యులు. వారిని అవధానిగా ఎఱుగని సాహిత్యప్రియులు అరుదు. కాని బందరు పాఠశాలలో తెలుగు పండితులుగా వారు చేసిన పని అంతకు తక్కువది కాదు.

వేంకటశాస్త్రిగారు 1870వ సంవత్సరమున గోదావరీతీర మండలములోని కడియమున జన్మించిరి. వారి బాల్యము కొంత యానాములో గడచినది. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద చదువుకొనునపుడు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు వారికి సహాధ్యాయులైరి. తిరుపతిశాస్త్రిగారు 1872లో యండగండిలో పుట్టినవారు. ఒకే గురువు, ఒకే పాఠము. ఆ స్నేహమునుండియే తిరుపతి వేంకట కవులను జంటపేరు పుట్టినది. అటుపిమ్మట ఇద్దరును ఊరూర అవధానములు చేసిరి. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి మొదలగు సంస్థానములను దర్శించి సత్కారములందిరి.

అవధానమును చాలమంది జ్ఞాపకశక్తి ప్రదర్శనముగా మాత్రమే తలతురు. పద్యవిద్య నేర్చువాని కన్నుతో చూచినచో అది యొక కఠినమైన అభ్యాసశాల. అష్టావధానమున పృచ్ఛకులు ఎనమండుగురు. ఒకరు సమస్య నిత్తురు. అర్థము పొసగనట్లు తోచు ఒక పాదమును తక్కిన మూడు పాదముల బలముతో సార్థకము చేయవలెను. అందువలన పదమును విఱిచి చూచు నేర్పు అలవడును. వేఱొకరు దత్తపది నిత్తురు. పురాణకథతో పొత్తులేని నాలుగు మాటలను ఆ కథలోనే ఇమిడ్చి చెప్పవలెను. మఱియొకరు నిషిద్ధాక్షరి నడపుదురు. అవధాని ఒక యక్షరము పలుకగానే తరువాత రాగూడని యక్షరమును పృచ్ఛకుడు చెప్పును. తలచిన మాట చేజాఱిన క్షణముననే మఱొక మాట నాలుకపైకి రావలెను. పర్యాయపదముల సంపద లేనివాడు అచ్చట ఒక్క యడుగైన వేయలేడు. నడుమ అప్రస్తుతప్రసంగి చిత్రవిచిత్రములైన ప్రశ్నలతో మనస్సును చెదరగొట్టుచుండును. అవధాని ఒక్కొక్క ఆవృత్తమున ఒక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తములలో పద్యములు పూరించి, తుదిని అన్నింటిని ఒప్పజెప్పును. శతావధానమున పృచ్ఛకులు నూరుగురు. అనగా 100 పద్యములు, 400 పాదములు.

ఉత్పలమాల పాదమున 20 అక్షరములు, పదియవ యక్షరమున యతి. చంపకమాల పాదమున 21 అక్షరములు, పదునొకండవ యక్షరమున యతి. ఈ లెక్క విద్యార్థులకు పుస్తకములో కనబడునది. వ్రేళ్ళు మడచి గణములు లెక్కించుకొనువానికి భావము వెనుకబడును. లెక్క చెవిలో నిలిచిపోయినవానికి మనస్సంతయు భావమునకే మిగులును. అభ్యాసముయొక్క ప్రయోజనమిదియే.

ఐనను తొందరలో చెప్పిన పద్యమెల్ల కవిత్వము కాదు. ఆశుకవిత్వమున ధార యుండును గాని ప్రతి పద్యమునకును పాకము కుదురదు. ఈ జంటకవులు సభలతో తృప్తినొందలేదు. శ్రవణానందము, బుద్ధచరిత్రము, దేవీభాగవతము మొదలగు కృతులను తీరికతో రచించిరి. వారి పాండవోద్యోగవిజయములు రంగస్థలమున ఎంత ప్రఖ్యాతి గాంచినవనగా, అక్షరము రానివారు సైతము పల్లెలలో ఆ పద్యములను రాగయుక్తముగా పాడుకొనిరి. సభలో సానపట్టిన నాలుక నాటకమున జనుల మాటయైనది.

ఇట్టి అనుభవముతో వేంకటశాస్త్రిగారు మచిలీపట్టణమున హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైరి. రాజసభలలో సత్కారములందినవారికి చిన్నపిల్లల తరగతి గది ఇఱుకుగా తోచవచ్చును. వారికట్లు తోచలేదు. పద్యము చెప్పవలెనను కోరికగల యువకులు వారిచుట్టు చేరిరి. వారి సంభాషణమందలి వింత సొగసు కథలు-గాథలు అను గ్రంథములో మనకు నేటికిని వినబడును. ఒక ప్రసంగమునుండి మఱొక ప్రసంగములోనికి జాఱుచు, హాస్యమాడుచు, శాస్త్రవిషయము నడుమ తన జీవితానుభవమును జొనుపుచు సాగు ఆ వాక్కు చదువరినే శిష్యునిగా చేసికొనును. ప్రత్యక్షముగా విన్నవారి భాగ్యమును మనము ఊహించుకొనవలసినదే.

గురువు ఘనత శిష్యులయందు తెలియును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ప్రాచీన తాళపత్రముల పరిశోధనకు జీవితము ధారపోసి చాటుపద్యములను సేకరించిరి. పింగళి లక్ష్మీకాంతముగారు విశ్వవిద్యాలయమున ఆచార్యులై సాహిత్యచరిత్ర బోధించిరి. కాటూరి వేంకటేశ్వరరావుగారు కృష్ణాపత్రికకు సంపాదకులైరి. ఈ చివరి యిరువురును తామును జంటకవులై సౌందరనందమును రచించి గురువుగారికే అంకితమిచ్చిరి. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలు నవలను, రామాయణ కల్పవృక్షమును రచించిరి. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారముతో తెలుగునకు ఆ గౌరవమును తొలిసారి తెచ్చిరి.

ఈ నలుగురి రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గురువుగారి శైలి తేటగా, నడక సులువుగా నుండును. విశ్వనాథవారి శైలి దట్టమైన యడవి వంటిది. ఒకే ఒజ్జ దిద్దిన చేతివ్రాతలు ఇంత వేఱుగా నుండుట ఎట్లు? గురువు తన పద్యమును నేర్పలేదు, పద్యవిద్యను నేర్పెను. తన నీడలో మొక్కను పెంచువాడు దానిని తన కొలతకే కుదించును. ఎండ తగులనిచ్చువాడు అది తనను మించి పెరుగుటకు సిద్ధపడవలెను. వేంకటశాస్త్రిగారు అట్లు సిద్ధపడినవారు.

1920లో తిరుపతిశాస్త్రిగారు పరమపదించిరి. జంటలో సగము పోయినది. వేంకటశాస్త్రిగారి వయస్సు అప్పటికి ఏబది యేండ్లు. ఎదుట ముప్పది యేండ్ల సాహిత్యజీవితము మిగిలియున్నది. ఆ కాలమున ఆయన ఒంటరిగా వ్రాసిన కృతులను గూడ తిరుపతి వేంకటీయములుగానే వెలువరించిరి. కీర్తి తన యొక్కని పేర నిలుపుకొన తగిన యవకాశము వచ్చినపుడు ఆయన దానిని కోరలేదు. తన కవిత సహవాసమున పుట్టినదని, ఒకరి పాదమునకు ఇంకొకరు పాదము కూర్చుచు పెరిగినదని ఆయన మఱవలేదు. తన విద్య తనది మాత్రమే కాదని యెఱిగినవాడే దానిని ఇతరులకు ఇంత ఉదారముగా పంచగలడు.

1949లో మదరాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించెను. మఱుసటి యేడు, 1950 ఫిబ్రవరి 15న, మహాశివరాత్రినాడు ఆయన శివసాయుజ్యము నొందిరి.

ఉపాధ్యాయులకు వారి జీవితమున ఒక ధైర్యవచనము కలదు. తరగతిలోని ప్రతి బాలుడును కవి కానక్కఱలేదు. కాని ఒక సమస్యనిచ్చి, తప్పిన యతిని నవ్వుచు దిద్ది, రేపు మఱల ప్రయత్నింపుమని వెన్నుతట్టు ఒజ్జ యున్నచో, ప్రతిభగల ఒక్కడు దారి తప్పడు. బందరు పాఠశాలలో జరిగినది ఇదియే.