జంగమ వాఙ్మయమును ఆదరించిన బ్రౌను దొర

ఒకచోట నిలిచియుండు దానికంటె కదలుచు లోకమునకు మేలు చేయునదే మిన్న యని బసవేశ్వరుల బోధ. ఇది గ్రంథములకును వర్తించును. పెట్టెలో మూతవడిన తాటాకుల కట్ట చెదలకు ఆహారమగును. చేతులు మారిన గ్రంథము బ్రదుకును. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవ పురాణమును భీమకవి 1369లో కన్నడ షట్పదిలోనికి తెచ్చెను. చామరసు కన్నడమున రచించిన ప్రభులింగలీల తెలుగునకును తమిళమునకును వచ్చెను. ఇట్లు భాషల ఎల్లలు దాటిన మన వాఙ్మయము పందొమ్మిదవ శతాబ్దిలో అన్యమతస్థుడైన ఒక ఆంగ్లేయుని చేతికి చేరినది. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1812లో ఆయన మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. కంపెనీ కొలువు పొంది బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, 1820లో కడపలో ఉద్యోగమున ప్రవేశించెను. కొలువునకు కావలసినంత భాషతో ఆయన తృప్తి చెందలేదు. వేమన పద్యముల ప్రతులను సేకరించి, పోల్చి చూచి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను.

ఆయన పని తీరు గమనింపదగినది. ఒక కావ్యమునకు ఊరూరా దొరకిన ప్రతులను తెప్పించును. లేఖకులచే వాటికి నకళ్లు వ్రాయించును. పండితులను కూర్చుండబెట్టి పాఠములు సరిచూపించి, శుద్ధప్రతిని సిద్ధపరచి, వ్యాఖ్య చేయించును. కడపలో బంగళా కొని పండితులకు అచ్చటనే నెలవు కల్పించెను. వారి జీతములు తన సొమ్ముతోనే ఇచ్చెను. అందులకై అప్పులును చేసెను. కాయకమున ఆర్జించినది దాసోహమునకు వినియోగింపవలెనని మన శరణులు నేర్పిరి. ఆ మాటలు ఎరుగకయే బ్రౌను తెలుగు విషయమున అట్లు నడచుకొనెను.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను మహాక్షామము పీడించినది. అప్పుడు ఆయన అచ్చటి అధికారులలో ఒకడు. 1834లో ఉద్యోగము పోయెను. లండనులో ఉన్న కాలమున కంపెనీవారి గ్రంథాలయములో దక్షిణదేశపు వ్రాతప్రతులు అనేకము నిరుపయోగముగా పడియుండుట చూచెను. జాన్ లేడన్ అను విద్వాంసుడు మన దేశమున సంచరించి కూర్చిన గ్రంథములవి. లేడన్ 1811లో జావాలో మరణించిన పిమ్మట కంపెనీవారు వాటిని కొనియుండిరి. చదువువారు లేని చోట వాటికి ప్రయోజనమేమి? బ్రౌను పట్టుబట్టి వాటిని తిరిగి మద్రాసునకు పంపునట్లు చేసెను. సముద్రము దాటిపోయిన తాళపత్రములు ఇట్లు స్వదేశమునకు మరలివచ్చెను.

1838 నాటికి మద్రాసునకు తిరిగివచ్చిన బ్రౌను, 1840లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో మనకు సంబంధించిన రెండు వ్యాసములను ప్రకటించెను. ఒకటి జంగముల మతాచారములను, వాఙ్మయమును గూర్చినది. రెండవది బసవ పురాణ పరిచయము. ఆ కాలమున హిందూ మతములను గూర్చిన సమాచారము ఐరోపావారికి ఎక్కువగా బ్రాహ్మణ పండితుల ద్వారా చేరుచుండెను. ప్రబంధములను మెచ్చువారిలో పెక్కుమందికి శైవ ద్విపద కావ్యములపై ఆదరము లేదు. అట్టి తరుణమున, వీరశైవులకు స్వతంత్రమైన వాఙ్మయమొకటి కలదనియు, దానిని వారి గ్రంథముల నుండియే తెలిసికొనవలెననియు ఆయన గుర్తించెను. ఇది మనము మరువరాని మేలు.

అట్లని ఆయన చెప్పినదంతయు మనకు ప్రమాణము కానక్కరలేదు. మన సమాజమును తన దేశపు క్రైస్తవ సంస్కరణవాదులతో పోల్చి అర్థము చేసికొనెను. ఇష్టలింగ ధారణలోని అనుభవము పరుల కొలతకు లొంగునది కాదు. గ్రంథము చేతులు మారినంత సులభముగా అందలి అనుభవము చేతులు మారదు. అయినను గ్రంథమే లేనిచో ఆ చర్చకును తావుండదు గదా!

1845లో బ్రౌను తన వ్రాతప్రతులను మద్రాసు సాహిత్య సంఘమునకు అప్పగించెను. 1852, 1854 నడుమ నిఘంటువులు వెలువరించి, 1855లో ఈ దేశమును వీడెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. అవివాహితుడుగానే జీవించి 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూసెను. ఆయన కూర్చిన గ్రంథములును, లేడన్ గ్రంథములును మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనములైనవి. తరువాతి కాలమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో బసవ పురాణమును, చిలుకూరి నారాయణరావుగారు 1939లో పండితారాధ్య చరిత్రమును పరిష్కరించి ముద్రింపించిరి. 1990లో బసవ పురాణము ఆంగ్లానువాదముగా అమెరికాలో వెలువడెను.

వీరశైవుడు కాని ఒకడు మన గ్రంథముల కొరకు ఇంత శ్రమించెను. మరి వారసులమైన మన కర్తవ్యమేమి? నేటికిని కొన్ని మఠములలోను, పాత ఇండ్ల అటకలపైనను తాటాకుల కట్టలు ఉండవచ్చును. పూజాగృహమున ఉంచి విభూతి పూసినంత మాత్రమున అక్షరము నిలువదు. చదువరాని లిపి యని నదిలో విడుచుట అంతకంటె తగదు. కట్ట విప్పి, ధూళి తుడిచి, తెలిసినవారికి చూపి, ఛాయాచిత్రములు తీయించి ఒక ప్రతిని గ్రంథాలయమునకు ఇచ్చినచో మూలము మన యింటనే ఉండును, అందలి విషయము లోకమునకు అందును. ఇదియు దాసోహమే. మఠాధిపతులు, గృహస్థులు ఈ కార్యమునకు పూనుకొందురుగాక!