ఇసుక మీద నిలిచిన గోడ: సర్ ఆర్థర్ కాటన్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు ముందు తటపటాయించాను. కథలూ కవితలూ రాసే చెయ్యి కాదు నాది. ముప్పై ఏళ్ళుగా చెరువు గట్లు, కాలువలు, వాటర్ ట్యాంకులు, సెల్లార్లు ఎక్కడ కారుతుంటే అక్కడికి పరుగెత్తిన ఇంజనీరుని. నీటిని ఆపడం నా వృత్తి. అందుకని ఆ వృత్తిలో నేను గురువుగా భావించే ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు మనందరికీ తెలుసు. ఆయన విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. అయితే ఆయన గెలిచిన అసలు యుద్ధం కంటికి కనబడని నీటితో అని చాలామందికి తెలియదు.

చోడవరం చుట్టుపక్కల పుట్టిన వాళ్ళకి చెరువు గట్టు గురించి చెప్పనక్కరలేదు. తుఫాను పట్టిందంటే పెద్దవాళ్ళు గట్టు వెంట నడుస్తూ వెనుక వైపు వాలు చూసేవారు. ఊట తేటగా వస్తుంటే పరవాలేదనేవారు. ఊట నీటిలో మన్ను కనిపిస్తే మాత్రం ఊరందరినీ పిలిచేవారు. మన్ను వస్తోందంటే లోపల బుంగ పడుతోందని, తెల్లారేసరికి అది గండి అవుతుందని వాళ్ళకు తెలుసు. మా వృత్తిలో పుస్తకాలన్నీ చదివాక కూడా ఇంతకంటే పెద్ద సూత్రం నాకు కనబడలేదు. కాటన్ దొర జీవితమంతా ఈ సూత్రం చుట్టూ తిరిగింది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. కొంతకాలం వేల్స్‌లో సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసుకు వచ్చాడు. ఇక్కడ ఆయనకు మొదట అప్పగించినవి దక్షిణాది జిల్లాల చెరువులు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు గుర్రమెక్కి పాత చెరువులన్నీ తిరుగుతూ, ఏ కాలంలో ఎవరు కట్టారో తెలియని గట్లు ఇంకా ఎందుకు నిలిచి ఉన్నాయో చూశాడు. మధ్యలో మొదటి బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చాడు. పాంబన్ జలమార్గం సర్వే చేశాడు. 1828లో కెప్టెన్ అయ్యాక కావేరి పనుల పరిశోధన ఆయన చేతికి వచ్చింది.

కావేరి దగ్గర సమస్య ఇది. నీళ్ళన్నీ పల్లంగా ఉన్న కొల్లిడం పాయలోకి పోతున్నాయి. తంజావూరు పొలాలకు నీరందించే కావేరి పాయ పూడిపోతోంది. కొల్లిడానికి అడ్డంగా ఆనకట్ట కడితే తప్ప దారి లేదు. కాని నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే. ఐరోపాలో నేర్చిన చదువు ప్రకారం పునాదికి గట్టి రాయి కావాలి. అక్కడ రాయి లేదు.

జవాబు ఆయనకు ఆ పక్కనే దొరికింది. కరికాల చోళుడి పేరుతో ప్రసిద్ధమైన కల్లణై అక్కడ వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. అదీ ఇసుక మీదే ఉంది. కాటన్ దాన్ని పరిశీలించాడు. లోపల బంకమన్నుతో పేర్చిన రాళ్ళు, పైన సున్నపు పని. రాళ్ళు ఇసుకలోకి దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోతాయి. దిగినకొద్దీ పైన మళ్ళీ రాయి వేస్తే గోడ స్థిరపడుతుంది. లోతు తెలియని ఇసుకలో పునాది వేసే విద్య తాము ఈ దేశపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని తర్వాతి కాలంలో ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నాడు. పాలించే జాతివాడు ఆ రోజుల్లో అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. 1836లో కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట లేచింది. దిగువ ఆనకట్ట కూడా ఆ కాలంలోనే కట్టారు.

ఇదే కాలంలో మన గోదావరి సీమ పరిస్థితి దారుణంగా ఉంది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువు గుంటూరు కరువుగా చరిత్రకెక్కింది. 1839లో కోరంగి దగ్గర తుఫాను ఉప్పెన వచ్చి తీరాన్ని ఊడ్చేసింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7.4 లక్షలు. 1841 నాటికి అది 5.6 లక్షలకు పడిపోయింది. జీవనది ఒడ్డున ఉండి జనం ఆకలితో చావడం, వరద వస్తే అదే నది ఇళ్ళు ముంచడం, మిగిలిన నీరంతా సముద్రంలో కలవడం. ఇదీ నాటి గోదావరి.

కాటన్ ఈ ప్రాంతమంతా తిరిగి 1844లో నివేదిక ఇచ్చాడు. ఆనకట్ట, కాలువలు, కరకట్టలు, రోడ్లు అన్నీ కలిపిన ప్రణాళిక అది. ఆ రోజుల్లోనే మన విశాఖపట్నం రేవుకు కూడా ఆయన ప్రణాళిక వేశాడు. 1845లో మరో నివేదిక వెళ్ళింది. కంపెనీ వారు దయతలచి డబ్బివ్వరని ఆయనకు తెలుసు. అందుకే పెట్టిన పెట్టుబడికి శిస్తు రూపంలో ఎంత తిరిగి వస్తుందో లెక్కకట్టి చూపించాడు. చివరికి అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది.

అక్కడ నది లంకలతో కలిపి ఆరు కిలోమీటర్ల వెడల్పు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు. నాలుగింటి మీదా కలిపి సుమారు 12,000 అడుగుల కట్టడం, 12 అడుగుల ఎత్తు. కింద ఉన్నది ఇసుక. ఆ ఇసుకలో వరుసగా చిన్న బావులు దించారు. బావి అంటే ఇటుక, సున్నంతో కట్టిన గుండ్రటి గోడ. లోపలి ఇసుక తోడుతుంటే అది తన బరువుకు తానే దిగుతుంది. కొద్ది అడుగుల లోతుకు దిగాక లోపల నింపి మూసేస్తారు. ఆ బావుల వరుస మీద గోడలు, వాటి మీద రాతి కట్టడం, కింది వైపు పెద్ద రాళ్ళ పరుపు. రాయి ధవళేశ్వరం కొండ నుంచి వచ్చింది. దాన్ని నది దాకా చేర్చడానికి పట్టాల బండి వేశారు.

సిమెంటు లేని కాలంలో కీళ్ళ నుంచి నీరు కారకుండా ఆపింది సున్నమే. కాలిన సున్నాన్ని గానుగలో నూరి, అందులో ఇటుక పొడి అంటే సుర్కీ కలిపేవారు. ఉత్త సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. సుర్కీ కలిస్తే నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. దక్షిణాదిలో మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కూడా కలిపేవారు. బెల్లం సున్నాన్ని నీటిలో ఎక్కువగా కరగనిస్తుంది, నెమ్మదిగా గట్టిపడేలా చేస్తుంది. దానివల్ల పగుళ్ళు తగ్గుతాయి. గోవాడ ఫ్యాక్టరీ, అనకాపల్లి బెల్లం మార్కెట్ చూస్తూ పెరిగిన మనకు ఇది తెలిస్తే ఆనందమే కదా.

వేల మంది కూలీలు పనిచేశారు. అడిగినంత మంది ఇంజనీర్లను పైవాళ్ళు ఇవ్వలేదు. వీణం వీరన్న అనే మన తెలుగాయన ఆ పనుల్లో కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. కూలీలను కూర్చడం, పని నడిపించడం ఆయన సామర్థ్యమే. ఎండల్లో ఇసుకలో నిలబడి పనిచేయించిన కాటన్ ఆరోగ్యం 1848లో దెబ్బతింది. సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు కెప్టెన్ ఓర్ పని చూశాడు. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇసుక మీద గోడ ఎలా నిలిచింది? ఆనకట్టకు ఇటు 12 అడుగుల నీరు నిలిస్తే, ఆ బరువు ఇసుక లోంచి కిందుగా దూరి అటువైపు పైకి లేవాలని చూస్తుంది. లేచేటప్పుడు వేగం ఎక్కువైతే ఇసుక రేణువులను మోసుకుపోతుంది. ఒక రేణువు పోయిన చోట దారి వెడల్పవుతుంది, ఇంకో రేణువు పోతుంది. అలా బుంగ వెనక్కి వెనక్కి పాకి చివరికి గోడ కింద డొల్ల చేస్తుంది. దీనికి మందు నీటిని పూర్తిగా ఆపడం కాదు, దాని దారి పొడవు పెంచడం. ఎంత దూరం ఇసుకలో పాకితే నీటి బలం అంత తగ్గుతుంది. తర్వాతి తరంలో బ్లై అనే ఇంజనీరు దీనికి సులువైన లెక్క చెప్పాడు. ముతక ఇసుక అయితే నీటి ఎత్తుకు 12 రెట్లు, సన్నని ఇసుక అయితే 15 రెట్లు దారి ఉండాలి. 12 అడుగుల నీటికి 144 నుంచి 180 అడుగులన్నమాట.

కాటన్ దగ్గర ఈ లెక్కలేవీ లేవు. ఇసుకలో నీరు నడిచే తీరు మీద ఫ్రాన్సులో దార్సీ తన సూత్రం ప్రకటించింది 1856లో, ఆనకట్ట పూర్తయిన నాలుగేళ్ళకు. కాటన్‌కు ఉన్నది కల్లణై నేర్పిన పాఠం, కావేరి అనుభవం. అడుగు వెడల్పుగా పరిచాడు, బావులతో నీటి దారికి అడ్డుపెట్టాడు, దిగువన రాళ్ళ బరువు వేశాడు. ఎగువన గోదావరి ఒండ్రు ఏటేటా పేరుకుని ఇసుక రంధ్రాలను తానే పూడ్చింది. దిగువన వరద రాళ్ళను లాక్కుపోయిన చోటల్లా మళ్ళీ రాయి వేస్తూ వచ్చారు. కట్టి వదిలేసింది కాదు ఆ ఆనకట్ట, కనిపెట్టుకుని ఉన్న ఆనకట్ట. ఇది ఎంత ప్రమాదకరమైన విషయమో 1898లో తెలిసింది. ఉత్తరాదిన గంగ మీద నరోరా దగ్గర కట్టిన ఆనకట్ట అడుగు నుంచి వచ్చిన నీటి ఒత్తిడికి తలం లేచిపోయి దెబ్బతింది. దాన్ని కట్టి పాతికేళ్ళు కూడా కాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికే దాదాపు యాభై ఏళ్ళ వయసుది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చెరువు గట్టు వెనుక నీరు బుగబుగ పైకి వస్తుంటే, ఆ నోటిని బంకమన్నుతో, కాంక్రీటుతో బిగించి మూయించాను. గంటలో పక్కన ఇంకో రెండు చోట్ల మట్టినీళ్ళు లేచాయి. చెరువు కాపలా పెద్దాయన నా మాట వినకుండా ఆ నోటి చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్పించి, లోపల ఇసుక, దాని మీద గులకరాళ్ళు పోయించాడు. నీరు వస్తూనే ఉంది, కాని తేటపడింది. తర్వాత తీరికగా ఎగువ వైపు బంకమన్ను దట్టించి మూశాం. మూయాల్సింది నీరు దూరే చోట, వడకట్టాల్సింది నీరు వచ్చే చోట. ఇంజనీరింగు పట్టా చేతిలో ఉన్న నాకు అది చదువురాని పెద్దాయన నేర్పాడు. కల్లణై ముందు నిలబడ్డ కాటన్ నాకు అర్థమైంది ఆ రోజే.

కాటన్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన కంపెనీ ఉద్యోగి, ఆనకట్ట వల్ల పెరిగిన శిస్తు తెల్లదొరల ఖజానాకే చేరింది. ఆయన అంచనాలన్నీ ఫలించలేదు కూడా. ఆయన ప్రోత్సహించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వారి కర్నూలు కడప కాలువ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకోవాల్సి వచ్చింది. రైళ్ళకంటే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఆయన్ని పిలిచి గట్టిగా ప్రశ్నించింది. అయినా తన మాట మార్చుకోలేదు. కరువు వచ్చినప్పుడు జనానికి కావలసింది నీరని ఆయన చెప్పిన మాటకు మాత్రం గోదావరి డెల్టాయే సాక్ష్యం.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. చివరి రోజులు ఇంగ్లండులోని డార్కింగ్‌లో గడిపి, 1899 జూలై 24న తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన ఆనకట్ట ఆ తర్వాత కూడా ఎనభై ఏళ్ళకు పైగా పనిచేసింది. దాని స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి 175 గేట్లు, ఆయన పేరే. నేడు దాని కింద పారేది 10 లక్షల ఎకరాలకు పైగా. ధవళేశ్వరంలో ఆయన పేరిట మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకుని వెళ్ళండి.

అదే గోదావరి మీద ఎగువన పోలవరం దగ్గర నేటి ఇంజనీర్లు కూడా అదే ఇసుకతో పోరాడుతున్నారు. నది అడుగున లోతుగా డయాఫ్రమ్ వాల్ కట్టారు. కాఫర్ డ్యాముల కింద ఇసుకలోకి సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించారు. వరదల్లో ఆ వాల్ దెబ్బతిని మళ్ళీ కొత్తది కట్టాల్సి వచ్చింది. యంత్రాలు మారాయి, బెంటొనైట్, ప్లాస్టిక్ కాంక్రీటు వచ్చాయి. ఇసుక మాత్రం మారలేదు, దానిలో దూరే నీరూ మారలేదు.

మన రైవాడ, కోనాం, పెద్దేరు జలాశయాల గట్లు, ఊరి చెరువుల గట్లు ఇప్పటికీ మట్టివే. వాటి మీద పెరిగే చెట్ల వేళ్ళు, ఎలుకల కన్నాలు, నిర్లక్ష్యం, ఇవే వాటి శత్రువులు. మనలో ఎవరం ఎక్కడ స్థిరపడినా, ఊరికి వచ్చినప్పుడు ఒకసారి చెరువు గట్టు వెనుక వైపుకు వెళ్ళి చూడాలని నా మనవి. ఊట తేటగా ఉందా, మన్ను కలిసి ఉందా అని చూడండి. మన్ను కనబడితే ఆలస్యం చేయకుండా నలుగురికీ చెప్పండి. ఈ తరం పిల్లలకు ఆ తేడా చెప్పే పెద్దవాళ్ళు గట్ల మీద తగ్గిపోతున్నారు. ఆ పని ఇక మనదే.